సమస్య: "కోడి మెడ త్రిప్ప నీళ్ళతో కుండ నిండె"

నిర్వాహకుడు: ఈ వారం సమస్యాపూరణకు తేటగీతి పాదం, దీన్ని చివరి పాదంగా పెట్టి ముందు మూడు పాదాలు మీరు రాయాలి. కోడి మెడ తిప్పితే కూర కుండలోకి రావాలి గాని నీళ్ళెలా వచ్చాయని నన్నడక్కండి, అది మీ తలనొప్పి. పుంజును ఇంగ్లీషువాళ్ళు, జర్మన్లు ఏమంటారో, ఆ మాటను ఇంకా దేనిదేనికి వాడతారో ఆలోచిస్తే దారి దొరుకుతుంది. తెలుగులోనే తప్పించుకున్నా కాదనను, మార్కులు మాత్రం తగ్గిస్తాను.

కొత్త సభ్యుడు: చిన్న సందేహం. "త్రి" ముందున్న "డ" గురువు కాదా?

నిర్వాహకుడు: కాదు. రెండూ విడి తెలుగు మాటలు కాబట్టి "డ" లఘువే, "మెడ త్రిప్ప" సలం (రెండు లఘువులు, గురువు, లఘువు).

గురులఘువు: నా పూరణ:

చూరు పైనుండి దుమికెను జోరువాన
గంప విడిచిన పుంజొండు గట్టు నెక్కి
మబ్బు వంకకు చూడగ మరల మరల
కోడి మెడ త్రిప్ప, నీళ్ళతో కుండ నిండె.

నిర్వాహకుడు: మొదటి పాదంలో "చూరు", "జోరు" ప్రాసయతి బాగా కుదిరింది. కోడి పని కోడిది, వాన పని వానది అని విడగొట్టి బయటపడ్డారు. కానీ గట్టెక్కింది పుంజు, మెడ తిప్పింది కోడి, ఇద్దరూ ఒకరేనా? పునరుక్తి. పైగా చూరు కింద కుండ ఉందని పద్యంలో ఎక్కడా లేదు, మేమే తెచ్చి పెట్టుకోవాలి.

హాంబర్గ్ కోడలు: నేను షరతు ప్రకారమే వచ్చాను.

జర్మనుల నోట హానన్న జాతిపుంజు;
నీటి గొట్టపు బిరడను నేటివరకు
పేరు మార్చక పిలుతురు ప్రేమమీర,
కోడి మెడ త్రిప్ప నీళ్ళతో కుండ నిండె.

ఇక్కడ హాన్ అంటే పుంజు, కుళాయి, తుపాకీ గుర్రం (పేల్చే ముందు వెనక్కి లాగే మీట), మూడూను. చర్చి శిఖరం మీద గాలికి తిరిగే రేకు పుంజు వెట్టర్‌హాన్, వంటింటి కుళాయి వాసర్‌హాన్, బీరు పట్టేది జాప్‌ఫ్‌హాన్. బహువచనంలో కోళ్ళయితే హేనె, కానీ కుళాయిల పని చేసేవాళ్ళు తమ భాషలో హానెన్ అని కూడా అంటారు. ఆడవాళ్ళ గుంపులో ఒక్క మగవాడుంటే "బుట్టలో పుంజు" అనడం వేరే సరదా, మా ఆఫీసులో రోజూ వింటాను.

గురులఘువు: అమ్మా, "జాతి" యతి కోసం, "ప్రేమమీర" పాదం నిండడం కోసం. కుళాయికి పేరు పెట్టడంలో ప్రేమేమిటి? ఇంకో మాట, మూడు పాదాలూ నిఘంటువు చదివినట్టున్నాయి, నాలుగో పాదంలో కుండ ఎవరిదో తెలీదు.

హాంబర్గ్ కోడలు: ఒప్పుకోను. సమస్యలో అసంబద్ధత పోవాలంటే ఆ విషయం ముందు చెప్పాలి కదా! "ప్రేమమీర" సంగతి సరే, వదిలేయండి.

కొత్త సభ్యుడు: తుపాకీ గుర్రం అన్నారు కాబట్టి నేనూ మొదలుపెట్టాను: "తుపాకి మీదను కూర్చున్న తోకకోడి..."

నిర్వాహకుడు: ఆగండి బాబూ. "తుపాకి" జగణం (లఘువు, గురువు, లఘువు), తేటగీతి గడపలోనే తన్నుకు పడింది. "గన్ను" అనండి, చక్కగా గలం (గురువు, లఘువు). యతికి గకారం వెతుక్కోండి. ఇంగ్లీషులోనూ పుంజుకున్న పేరుతోనే తుపాకీ గుర్రాన్ని కాక్ అంటారు, దాన్ని వెనక్కి లాగడానికీ అదే మాట, కాబట్టి ఊహ మంచిదే. అయితే తుపాకీలోంచి నీళ్ళెలా తెప్పిస్తారు?

కొత్త సభ్యుడు: హోలీ తుపాకీ సార్.

నల్లా మేస్త్రి: జర్మనీ దాకా ఎందుకండీ? సికింద్రాబాదులో ఏ సామాన్ల దుకాణానికైనా పోయి బిబ్ కాక్ కావాలంటే కుళాయి చేతిలో పెడతాడు. స్టాప్ కాక్, పిల్లర్ కాక్, ట్యాంకులో తేలే బాల్ కాక్, అన్నీ ఆ కోళ్ళే.

బిబ్బుకాకును బిగియించె పెద్దమేస్త్రి,
దొరల భాషలో కాకన్న తొలుత పుంజె!
పిడిని చేపట్టి యిల్లాలు పెరటిలోన
కోడి మెడ త్రిప్ప నీళ్ళతో కుండ నిండె.

హాంబర్గ్ కోడలు: భేష్! పెరడుంది, మనిషుంది. కానీ మేస్త్రిగారూ, పట్టుకున్నది పిడి, తిప్పింది మెడ. కుళాయికి మెడ ఏది?

నల్లా మేస్త్రి: పిడి కింద స్పిండిల్ ఉంటుందమ్మా. అది తిరిగితే అడుగున వాషరు లేచి నీళ్ళు వదులుతుంది, ఆ స్పిండిలే నా మెడ. వాషరు అరిగితే రాత్రంతా టపటపమంటుంది, ఆ పద్యం మీరు రాయండి.

గురులఘువు: "దొరల భాష" కాస్త పాతవాసన. అమెరికా దొరలైతే ఆ మాటకు బూతర్థం అంటుకుందని పుంజును రూస్టర్ అనడం మొదలుపెట్టారు.

నిర్వాహకుడు: "దొర", "తొలుత" యతి బాగుంది, మార్చొద్దు. "బిబ్బు" అని ఉకారం తగిలించడం గణం కోసమే అయినా మన నోట అలాగే పలుకుతుంది. ఈ వారానికి మేస్త్రిగారిదే మొదటి స్థానం, జర్మన్ వివరాలకు కోడలుగారిది రెండు. గురులఘువు గారు కుండను చూరు కిందికి జరిపి మళ్ళీ పంపండి.

వచ్చే వారం పాదం కూడా జర్మన్ జంతువే. కాటర్ అంటే మగపిల్లి, తాగిన మర్నాటి హ్యాంగోవరూ అదే:

"పిల్లి పట్టిన తలనొప్పి పెరుగు మాన్పె"

శుక్రవారం రాత్రిలోగా పంపండి. శనివారం పొద్దున అనుభవంతో రాస్తానంటే కుదరదు.