గ్రౌచ్ అంటే ముక్కోపి కాదు

కర్నూలు తమ్ముడొకరు నిన్న మన గుంపులో అడిగారు, "గ్రౌచ్ అనే ఇంగ్లీషు మాటకు ముక్కోపి అని రాసుకుంటే సరిపోతుందా?" అని. కింద చాలామంది సరిపోతుందన్నారు. నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు. కామెంటులో ఇమిడేంత చిన్న సంగతి కాదు కాబట్టి విడిగా రాస్తున్నాను.

ముక్కోపి ఎలాంటివాడో మనకు తెలుసు. కోపం ముక్కు మీదే ఉంటుంది. మాట కాస్త తేడా వస్తే కస్సుమంటాడు, చేతిలోది విసిరికొడతాడు. పావుగంట గడిస్తే తనే వచ్చి "అన్నం తిన్నావా?" అంటాడు. మిగతా వేళల్లో ఎంతో సరదాగా కూడా ఉండొచ్చు. కన్నడంలో ఇతణ్ణి ముంగోపి అంటారు, తమిళంలో మున్‌కోపి. ఆ రెండింట్లోనూ 'ముందు' ఉంది. ఆలోచన కంటే కోపం ముందొస్తుందన్నమాట. ఇంగ్లీషులో ఇతనికి షార్ట్ టెంపర్ అనే మాట ఎప్పటి నుంచో ఉంది, మనమూ వాడుతూనే ఉన్నాం.

గ్రౌచ్ వేరే మనిషి. అతను పెద్దగా అరవడు. అతనికి ఏదీ నచ్చదు, నచ్చలేదని చెప్పకుండా ఉండలేడు. అనంతపురంలో ఆదివారం పొద్దున ఒక పెద్దాయన ముందు ఉగ్గాని, బజ్జీ పెట్టారనుకోండి. "బొరుగులు ఇంత మెత్తగా నానబెడితే ఎట్ల తినాలప్పా?" అని మొదలవుతుంది. బజ్జీ కొరికి, చల్లారిపోయిందంటాడు. ఇంకోటి కొరికి, ఈ కాలం మిరపకాయల్లో కారమే లేదంటాడు. ఫ్యాను చప్పుడు ఎక్కువంటాడు, ఆపితే ఉక్కపోత అంటాడు. ప్లేటు మాత్రం ఖాళీ అవుతుంది. చెయ్యి కడుక్కుంటూ కొళాయి నీళ్లు కాలుతున్నాయని ఇంకో మాట. ఇంట్లో ఎవరూ బెదరరు. మనవరాలు "జేజినాయన మొదలుపెట్టినాడు" అని తన పని తను చూసుకుంటుంది. ఆ పెద్దాయన గ్రౌచ్. అతన్ని ముక్కోపి అంటే అన్యాయం, అతనికీ, ఆ మాటకీ కూడా.

మాట పుట్టుక కూడా ఇదే చెబుతుంది. గ్రౌచ్ 19వ శతాబ్దం చివర్లో అమెరికా వాడుకలోకి వచ్చింది. దాని వెనక గ్రచ్ అనే పాత ఇంగ్లీషు మాట ఉంది, దాని వెనక పాత ఫ్రెంచి క్రియ ఒకటి ఉంది. ఆ ఫ్రెంచి క్రియకు అర్థం గొణగడం, సణగడం. మనసులో పెట్టుకున్న అక్కసును చెప్పే గ్రడ్జ్ కూడా ఆ కుదురులోదే. కాబట్టి ఈ మాటకు మూలం నోట్లో నలిగే సణుగుడు. భగ్గుమనే మంట అందులో లేదు.

బ్రౌన్ నిఘంటువులో ఏముందో చూడమని ఒకరు సలహా ఇచ్చారు. కడప బ్రౌన్ గ్రంథాలయం మీద నాకు ఎంత గౌరవమో ఈ గుంపులో అందరికీ తెలుసు, కానీ ఈ మాటకు అక్కడ వెతకనక్కర్లేదు. బ్రౌన్ నిఘంటువులు 1850ల నాటివి, ఆయన 1884లో కన్నుమూశారు. గ్రౌచ్ జనం నోళ్లలో పడింది ఆ తర్వాతే. పాత నిఘంటువులో లేని మాటకు తెలుగు మనమే చూసుకోవాలి.

నా ఓటు 'సణుగుబోతు'కు. తిండిబోతు, తాగుబోతు, తిరుగుబోతు మనకు ఉన్నవే. 'బోతు' చేరితే ఒకనాటి పని కాస్తా అలవాటైపోయిందని అర్థమవుతుంది. గ్రౌచ్‌లో ముఖ్యమైనది ఆ అలవాటే. పైగా సణుగుబోతు అంటే వినేవాళ్లకు మనిషి కళ్లకు కడతాడు, వివరించాల్సిన పని లేదు. చిరచిరలాడే మనిషి, రుసరుసలాడే మనిషి అన్నా తప్పు కాదు, కానీ అవి మొహాన్ని చూపిస్తాయి, గొంతును వినిపించవు. 'చిరాకు మనిషి' మరీ చప్పగా ఉంది. హిందూపురం, మడకశిర వైపు వాళ్లకు కన్నడ 'సిడుకు' (చిరాకు) పరిచయమే కదా, దాన్నుంచి 'సిడుకుమూతి' చేయొచ్చని ఒక అక్క రాశారు. నాకు బాగా నచ్చింది. కానీ అదీ మూతి దగ్గరే ఆగిపోయింది.

ఇక వాడకం. ఇంగ్లీషు నేర్చుకునే పిల్లలకు అర్థం కంటే ఇదే ఎక్కువ అవసరం. గ్రౌచ్ బూతు కాదు, పెద్ద తిట్టూ కాదు, చనువున్న చోట అనే మాట. 1969లో మొదలైన అమెరికా పిల్లల టీవీ కార్యక్రమం సెసమీ స్ట్రీట్‌లో ఆస్కార్ ద గ్రౌచ్ అని ఒక బొమ్మ ఉంది. చెత్తడబ్బాలో కాపురం, ఎవరు పలకరించినా విసుక్కోవడం. అయినా పిల్లలకు అదంటే ఇష్టం. మాటకున్న బరువు అంతే. స్నేహితుడితో "డోంట్ బీ సచ్ ఎ గ్రౌచ్" అనొచ్చు. నిద్ర చాలని రోజు మన గురించి మనమే "ఐ యామ్ ఎ బిట్ గ్రౌచీ టుడే" అనొచ్చు. మేనేజరు గురించి మెయిల్లో రాయకూడదు, ఇంటర్వ్యూలో పాత బాస్ గురించి అసలు అనకూడదు. చనువు లేని చోట అదే మాట అమర్యాద అవుతుంది. అక్కడ ఆయన మూడ్ బాగాలేదని చెప్పే మామూలు వాక్యం చాలు.

బ్రిటిష్ వాళ్ల నోట గ్రంపీ ఎక్కువగా వినిపిస్తుంది, అర్థం దాదాపు ఇదే. అమెరికాలో నిద్రకు వేళై పేచీ పెట్టే పసిపిల్లలను క్రాంకీ అంటారు. ఇక్కడ మాత్రం జాగ్రత్త. మన ఊళ్లలో 'వాడొక క్రాక్' అంటే పిచ్చివాడని, అమెరికా వాళ్లు పిల్లల్ని క్రాంకీ అన్నప్పుడు ఆ అర్థం లేదు. అమెరికాలో ఉన్న కూతురు ఫోనులో "బేబీ క్రాంకీగా ఉంది" అంటే కంగారు పడకండి, పాప నిద్రకు ఏడుస్తోందని అర్థం.

సణుగుబోతు కంటే దగ్గరి మాట కడప, ప్రొద్దుటూరు, ఆదోని వైపు ఎవరి ఇంట్లోనైనా వాడుకలో ఉంటే, వాళ్లు అనే వాక్యంతో సహా కింద రాయండి. విడి మాట రాస్తే ముక్కోపి గురించో సణుగుబోతు గురించో తేల్చుకోలేం.