నిజాం రైల్వే పేరులోని ‘గ్యారంటీడ్’: హామీయా, పూచీయా?

ఖమ్మం నుంచి (అడిగినవారు):
అందరికీ నమస్కారం. మా ముత్తాత రైల్వేలో పాయింట్స్‌మన్‌. మొన్న పాత ట్రంకుపెట్టె దులిపితే ఆయన సర్వీసు కాగితం ఒకటి, కిలుం పట్టి నల్లబడిన ఇత్తడి బొత్తాం ఒకటి దొరికాయి. కాగితం మీద ఇంగ్లీషులో కంపెనీ పేరుంది: నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. తేదీ ఉండాల్సిన మూలని చెదలు తినేశాయి. మా ఇంటి సంగతులు చిన్న పుస్తకంగా వేసుకుంటున్నాం, అందులో ఈ పేరు తెలుగులో రాయాలి. ‘నిజాం హామీ ప్రభుత్వ రైల్వే’ అని రాస్తే మా తమ్ముడు పగలబడి నవ్వాడు. ‘ఏం హామీ అక్కా, టైముకొస్తుందనా?’ అని. నవ్వితే నవ్వాడు గానీ నాకూ అదే అనుమానం. ఇక్కడ ఎవరు ఎవరికి ఏం గ్యారంటీ ఇచ్చినట్టు?

బెజవాడ నుంచి:
‘నమ్మకమైన’ అని కాబోలండీ. ‘నిజాం వారి నమ్మకమైన రైల్వే’ అంటే సరిపోదూ?

హైదరాబాద్ నుంచి:
సరిపోదండీ. ఆ మాట బండి గురించి కాదు, వడ్డీ గురించి. కాస్త వెనక్కి వెళ్తే తప్ప తేలదు.

బొంబాయి–మద్రాసు లైను మీద వాడి జంక్షన్ నుంచి హైదరాబాద్‌కి మొదటి రైలు 1874లో వచ్చింది. డబ్బు నిజాం సర్కారుది, రాజకీయం దివాన్ సాలార్‌జంగ్‌ది. అప్పుడు దాని పేరు నిజామ్స్ స్టేట్ రైల్వే, అంతే. ‘గ్యారంటీడ్’ తర్వాత వచ్చి చేరింది. 1883లో లండన్‌లో ఒక కంపెనీతో ఒప్పందం కుదిరింది. ఉన్న లైను కంపెనీ తీసుకుంటుంది, కొత్తది వరంగల్ మీదుగా బెజవాడ దాకా వేస్తుంది. అందుకు పెట్టుబడి పెట్టినవాళ్ళకి 20 ఏళ్ళ పాటు ఏడాదికి 5 శాతం ముడుతుందని నిజాం ప్రభుత్వం రాసిచ్చింది.

ఊరికే లెక్క కోసం: లండన్‌లో ఒకాయన 100 పౌండ్లు పెట్టాడనుకోండి. ఏడాదికి ఆయనకి 5 పౌండ్లు రావాలి. రైలు 2 పౌండ్లే సంపాదిస్తే మిగతా 3 హైదరాబాద్ ఖజానా కట్టుకోవాలి. అంటే వరంగల్‌లో టిక్కెట్లు అమ్ముడుపోయినా పోకపోయినా లండన్‌లో ఆయన కాఫీకి ఢోకా లేదు.

ఇది నిజాంతో మొదలైన పద్ధతి కూడా కాదు. ఈస్టిండియా కంపెనీ 1849లోనే జి.ఐ.పి. (గ్రేట్ ఇండియన్ పెనిన్సులా) రైల్వేకి ఇలా 5 శాతం రాసిచ్చింది. బ్రిటిష్ ఇండియాలో ఆర్థికమంత్రిగా చేసి వెళ్ళిన మాసీ అనే దొర 1872లో లండన్ పార్లమెంటు కమిటీ ముందు ఉన్నమాటే చెప్పాడు. 5 శాతం ఖాయమయ్యాక, తానిచ్చిన డబ్బుని హుగ్లీ నదిలో పోసినా ఇటుకా సున్నంగా మార్చినా పెట్టుబడిదారుకి ఒకటేనట. మిగతాచోట్ల ఈ భారం బ్రిటిష్ ఇండియా ఖజానా మీద పడింది, ఇక్కడ నిజాం ఖజానా మీద. ‘నిజామ్స్’ పక్కన ‘గ్యారంటీడ్’ వచ్చి చేరింది అందుకే.

అందుకని నా ఓటు ‘హామీ’కి కాదు, ‘పూచీ’కి.

బెజవాడ నుంచి:
మాస్టారూ, ఒక్క మాట. ‘ఉపాధి హామీ పథకం’ అంటున్నాం కదా, అందులో ఇంగ్లీషు మాట గ్యారంటీయే. సర్కారే హామీ అంటుంటే మనకెందుకు పేచీ?

హైదరాబాద్ నుంచి:
మంచి పాయింటే పట్టుకున్నారు. కానీ అక్కడ మాటిచ్చేదీ పని చూపించేదీ ఒకరే, సర్కారు. ‘నేను చేస్తాను’ అనడం హామీ. ‘వాడు చెయ్యకపోతే నన్నడుగు’ అనడం పూచీ. అప్పు తీసుకునేది ఒకడు, పక్కన నిలబడి సంతకం పెట్టేది ఇంకొకడు. ఆ రెండోవాడిది పూచీకత్తు. ఇక్కడ సంపాదించాల్సింది కంపెనీ, సంపాదించకపోతే కట్టాల్సింది నిజాం. ఇంతకంటే శుభ్రమైన పూచీ ఎక్కడుంటుంది? పైగా ఎన్నికల పుణ్యమా అని ‘హామీ’ ఈమధ్య బాగా పలచబడింది. ఆ లండన్ ఆసాములు అలాంటి హామీకి పైసా విదిల్చేవాళ్ళు కాదు.

(‘హామీ’ అరబ్బీ నుంచి వచ్చింది, అసలు అర్థం కాపాడేవాడు. మన దగ్గర మనిషి పోయి మాట మిగిలింది.)

కాజీపేట నుంచి:
సార్, మా దిక్కు ‘జమానతు’ అంటం. ‘వానికి నేను జమానతున్న’ అంటే మీరు చెప్పిన పూచీనే. నిజాం కచేరీల్లో నడిచిన మాట కూడా అదే కాబట్టి దానికే హక్కు ఎక్కువ అని నా వాదన. జామీను కూడా దాని చుట్టమే. కాకపోతే ఇయ్యాల జామీను అంటే జైలు గుర్తుకొస్తది, రైలు గుర్తుకురాదు.

ఇంకోటి. ఈ గ్యారంటీ సప్పుడు చేయకుండ రాలేదు. అది రాకముందే ‘చాందా రైల్వే’ పథకం (చాందా అంటే ఇప్పటి చంద్రపూర్) అని పెద్ద లొల్లి అయింది. సాలార్‌జంగ్ 1883 ఫిబ్రవరిలో పోయిండు, ఆరో నిజాం ఇంకా మైనరు. షరతులు జనానికి చెప్పండి, ఖజానా మీద ఎంత పడుతుందో తేల్చండి అని అడిగినవాళ్ళలో ముల్లా అబ్దుల్ ఖయ్యూం, అఘోరనాథ్ చటోపాధ్యాయ ముందున్నరు. అడిగినందుకు అఘోరనాథ్‌ను ఊరు దాటించిండ్రు. సరోజినీ నాయుడు వాళ్ళ నాయన ఆయనే. తమాషా ఏందంటే, చాందా వైపు పోయే కాజీపేట–బల్లార్షా లైను పూర్తయ్యేసరికి 1929 వచ్చింది.

ఖమ్మం నుంచి (అడిగినవారు):
ఇంత కథ ఉందని అనుకోలేదు, థాంక్స్ అన్నా. మరి ‘స్టేట్’ని ‘ప్రభుత్వ’ అని రాయొచ్చా? అదీ తప్పేనా?

హైదరాబాద్ నుంచి:
తప్పేనమ్మా. ఆ ‘స్టేట్’ సంస్థానం. నిజాం సంస్థానంలో నడిచే రైల్వే అని. ‘ప్రభుత్వ రైల్వే’ అంటే సర్కారు సొంతం అనుకుంటారు, 1883 తర్వాత అది లండన్ కంపెనీది కదా. సొంతం కాని రైలుకి లోటు పూడ్చే బాధ్యత మాత్రం సొంతం! మళ్ళీ నిజాం ప్రభుత్వం కొనుక్కున్నది 1930 ఏప్రిల్ 1న. ఆ రోజు నుంచి పేరులో ‘గ్యారంటీడ్’ ఎగిరిపోయి నిజామ్స్ స్టేట్ రైల్వే మిగిలింది. తనకి తానే పూచీ ఎవరు పడతారు?

 

కాబట్టి మీ కాగితానికి చెదలు తిన్న తేదీ కొంతవరకు పేరే చెబుతోంది. పేరులో గ్యారంటీ ఉందంటే 1930 ఏప్రిల్‌కి ముందుది. ఇంతకీ బొత్తాం మీద ఏముంది?

కాజీపేట నుంచి:
అవునక్కా, బొత్తాం చూడు. ‘జి’ ఉంటే కంపెనీ కాలంది. చింతపండు పెట్టి తోము, సున్నితంగ. పీచు పెట్టి రుద్దకు, అక్షరాలు పోతయి.

బెజవాడ నుంచి:
అనువాదం తేలలేదు మాస్టారూ. పుస్తకంలో ఏం రాయమంటారు?

హైదరాబాద్ నుంచి:
‘నిజాం సర్కారు పూచీ పడ్డ సంస్థాన రైల్వే’ అర్థానికి సరే, పేరుగా పలకదు. మొదటిసారి తెలుగు లిపిలో ‘నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే’ అనే రాసి, ఆ పూచీ ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పెయ్యండి. ఆ తర్వాత అంతా ‘నిజాం రైల్వే’. కంపెనీ పేరుని లాగి పీకి తెలుగు చెయ్యక్కర్లేదు.

కాజీపేట నుంచి:
ఒప్పుకుంటున్న. కాని ఆ ఒక్క వాక్యంల ‘జమానతు’ ఉండాలె.

ఖమ్మం నుంచి (అడిగినవారు):
రెండూ పెడతాను, గొడవ వద్దు. బొత్తాం రాత్రి చింతపండులో నానబెట్టి పొద్దున మెత్తటి బట్టతో తుడిచాను. ‘ఎన్’ బాగా కనబడింది. పక్కన ‘ఎస్’, చివర ‘ఆర్’. నడుమ ‘జి’కి చోటే లేదు, తమ్ముడు భూతద్దం పెట్టి కూడా చూశాడు. అంటే కాగితం కంపెనీ ఇచ్చింది, బొత్తాం సర్కారు ఇచ్చింది. ముత్తాత ఉద్యోగంలో ఉండగానే కంపెనీ చేతులు మారిందన్నమాట. ఇది మా ఇంట్లో ఎవరికీ తెలియదు.