ఎక్కించుకోవడం ఉండగా కొత్త మాట దేనికి?

మొన్న మన ఈ గుంపులో ఒకరు హిచ్‌హైకింగ్‌కి, అంటే దోవన పోయే బండి ఆపి అడిగి ఎక్కి పోవడానికి, తెలుగు మాట అడిగారు. ‘యాచిత ప్రయాణం’, ‘ఉచిత యానం’ అని సూచనలొచ్చాయి. చదివి మనసుకు కష్టమనిపించింది. యాచన అంటే చెయ్యి చాపి అడుక్కోవడం. దోవ పక్కన నిలబడి బండి ఆపిన మనిషిని మన భాష ఏనాడూ అలా చూళ్ళేదు. మాది కావలి దగ్గర పల్లె. కలిగిరి రోడ్డు మీద ట్రాక్టరు కనబడితే బడికిపోయే పిల్లలం "అన్నా, ఎక్కిచ్చుకోవా?" అని అరిచేవాళ్ళం. నా దృష్టిలో అదే అసలు మాట.

ఎక్కు, ఎక్కించు, ఎక్కించుకొను. ఈ మూడింటినీ కాస్త నిదానంగా చూడండి. "పిల్లోణ్ణి నెల్లూరు బస్సెక్కించిరా" అన్నప్పుడు ఎక్కించినవాడు కిందే ఉండిపోతాడు, బస్సు కదిలాక ఇంటికొస్తాడు. "ఎక్కించుకో" అంటే బండి ఆయనదే, చోటు ఆయన పక్కనే. తేడా అంతా ‘కొను’లో ఉంది. బడిలో చేర్చేది నాన్న, చేర్చుకునేది పంతులుగారు. అక్కడా అదే ‘కొను’. పాత తెలుగులో కొను అంటే తీసుకోవడం, గ్రహించడం. డబ్బిచ్చి కొనడం ఒక్కటే కాదు.

ఈ సంగతి నాకు ఊళ్ళో ఉండగా తట్టలేదు, జర్మనీలో తట్టింది. అక్కడ నిర్బంధ సైనిక సేవ ఆపేసిన 2011లోనే ఒక స్వచ్ఛంద సేవా పథకం మొదలుపెట్టారు. దాని కింద బోడెన్‌జే సరస్సుకి పైనున్న ఒక పల్లెలో, దివ్యాంగులుండే ఇంట్లో ఏడాది పనిచేశాను. నాతోపాటు కొలంబియా కుర్రాడు, జార్జియా అమ్మాయి. ముగ్గురికీ ఒకే రోజు సెలవు దొరకడం అరుదు. దొరికిన ఒక ఆదివారం చూస్తే, మా పల్లెకి బస్సు లేదు.

ఊరి చివర ఒక బెంచీ ఉంది. దాన్ని మిట్‌ఫార్‌బాంక్ అంటారు, కలిసి వెళ్ళే బెంచీ అని. స్పైషర్ అనే చిన్న ఊళ్ళో 2014లో ఇలాంటిది పెట్టాక చాలా పల్లెలు ఆ దారి పట్టాయి. పక్కన ఇనప స్తంభానికి ఊళ్ళ పేర్లున్న రేకు పలకలుంటాయి. ఎటు పోవాలో ఆ పలక బయటికి తిప్పి కూర్చోవడమే, అటు పోయే కార్లలో ఎవరో ఒకరు ఆగి ఎక్కించుకుంటారు. మేర్స్‌బుర్గ్ పలక తిప్పాం. అది మంచుకి బిగుసుకుపోయి తిరగనంటే జార్జియా అమ్మాయి చేతిరుమాలుతో పట్టి తిప్పింది. నాలుగు కార్లు పోయాయి. అయిదోది ఆగింది. నెరిసిన జుట్టు పెద్దావిడ, వెనక సీట్లో బంగాళాదుంపల సంచి. అద్దం దించి "కొమ్ట్, ఇష్ నేమె ఒయ్ష్ మిట్" అంది, రండి, మిమ్మల్ని నాతో తీసుకుపోతా అని. సంచి కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాం. ఆవిడ సరస్సు అవతల ఉన్న కాన్‌స్టాన్స్ పోతోంది. 1928 నుంచి కార్లను ఆ సరస్సు దాటిస్తున్న ఫెర్రీలో మమ్మల్నీ దాటించింది.

ఆ వాక్యంలో క్రియ మిట్‌నేమెన్. మిట్ అంటే తోడు, నేమెన్ అంటే కొను. కలిపితే మన తోడ్కొనిపోవు! అతిథిని తోడ్కొని వచ్చారు అని కథల్లో ఇప్పటికీ రాస్తాం. రెండు భాషలకీ చుట్టరికం లేదు, మాట కట్టిన తీరు మాత్రం ఒక్కటే. ఫెర్రీ మీద గాలికి చెవులు నొప్పెడుతున్నా నా బుర్రలో ఇదే తిరిగింది.

ఇంకొకటి. ఎక్కించుకోండి అంటాం, దిగేటప్పుడు మాత్రం "ఇక్కడ దించండి" అనే అంటాం. మనిషి విషయంలో దించుకోండి అనం. బరువు దించుకుంటాం, తల దించుకుంటాం. ఎక్కించుకున్న మనిషిని బరువు కింద లెక్కెయ్యడానికి భాష ఒప్పుకోలేదని నాకనిపిస్తుంది.

సింగరాయకొండ నుంచి ఒక సభ్యుడి వ్యాఖ్య: బాగుంది. అయితే ఎక్కించుకోవడం బండివాడి పని కదండీ. రోడ్డు మీద నిలబడ్డవాడి పనికి మాటేది? లిఫ్ట్ అడగడం అంటే అది తేలిగ్గా తెలుస్తుంది.

నా జవాబు: న్యాయమైన ప్రశ్న. లిఫ్ట్ మీద నాకు కోపం లేదు, మా ఊళ్ళో అందరూ అంటారు. మా కొలంబియా కుర్రాడి స్పానిష్‌లో దీన్ని ‘ఎచార్ దెదో’ అంటారట, వేలు వెయ్యడం. ఆ లెక్కన మనకి చెయ్యెత్తడం ఉంది. "చెయ్యెత్తండి, బస్సెక్కండి" అని ఆర్టీసీ వాళ్ళే నినాదం చేసుకున్నారు. "చెయ్యెత్తుకుంటూ ఒంగోలు దాకా పోయాం" అంటే మీకు అర్థం కాదా?

చీమకుర్తి నుంచి ఒక సభ్యురాలు: మా నాన్న గ్రానైటు లారీ తోలేవారు. రాయిని ‘వేసుకొచ్చా’ అనేవారు, దోవలో చెయ్యెత్తిన మనిషిని ‘ఎక్కించుకొచ్చా’ అనేవారు. ఆటోవాళ్ళు మాత్రం డబ్బులిచ్చే మనుషుల్ని కూడా ‘వేసుకొచ్చా’ అంటారు. చిన్నప్పటి నుంచీ వింటున్నా, మీ పోస్టు చూశాకే తేడా పట్టుకున్నా.

నా జవాబు: అమ్మా, ఇది నేనసలు గమనించలేదు. మీ వ్యాఖ్య చదవగానే మా అమ్మకి ఫోన్ చేశా, సంగతి చెప్పకుండా నిన్న కావలికి ఎట్లా పోయావని అడిగా. "ఆటోలో. వాడు పన్నెండుమందిని వేసుకున్నాడు, కాళ్ళు చాపుకునే దానికి కూడా లేదు" అంది. మరి తిరిగొచ్చేటప్పుడో అంటే, "ఎదురింటి పిల్లోడు కనబడి బండి మీద ఎక్కిచ్చుకొచ్చాడు నాయనా" అంది.