పలాస దగ్గర అమ్మానాన్నల ఇంటికి బ్యాటరీ బ్యాకప్, తుఫాను రోజులకి కూడా సరిపోవాలి, ఏది పెట్టమంటారు?

ఉద్దానం కుర్రోడు:
అందరికీ నమస్తే. నేను హైదరాబాద్‌లో ఉంటా, అమ్మా నాన్నా పలాస దగ్గర ఊళ్లో. మామూలుగా కరెంటు పోతే గంటో రెండు గంటలో, భయమల్లా అక్టోబరు నవంబరు గురించే. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు కొబ్బరి చెట్లు లైన్ల మీద పడి స్తంభాలు విరిగిపోయి రోజుల తరబడి చీకట్లోనే ఉన్నారు, ఫోన్లు కూడా చచ్చిపోయి ఎలా ఉన్నారో తెలీక నాకిక్కడ ప్రాణం పోయినంత పనైంది. ఇప్పుడు నాన్నకి ఇన్సులిన్ కూడా, అది ఫ్రిజ్‌లో ఉంచాలి. 2 ఫ్యాన్లు, 4 ఎల్ఈడీ బల్బులు, వైఫై, పాత సింగిల్ డోర్ ఫ్రిజ్. షాపాయన 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్స్, అంటే బ్యాటరీ కెపాసిటీ) ట్యూబులర్ (నీళ్లు పోసే లెడ్ యాసిడ్ బ్యాటరీ) పెడితే అన్నీ నడుస్తాయంటున్నాడు. నిజమేనా, లేక లిథియం తీసుకోవాలా?

వైరింగ్ అన్న:
తమ్ముడూ, 12 ఓల్టులు ఇంటూ 150 అంటే కాగితం మీద 1800 వాట్ అవర్స్. ఇన్వర్టర్ కొంత తినేస్తుంది, బ్యాటరీని అడుగంటా లాగకూడదు, చేతికొచ్చేది 1000, 1100 అనుకో. మామూలు ఫ్యాను 75 వాట్లు, నీ ఫ్యాన్లు బల్బులు వైఫై కలిపి 200 దాకా, అంటే 5 గంటలు. ముందు ఆ రెండు ఫ్యాన్లూ తీసేసి బీఎల్‌డీసీ పెట్టు, తక్కువ కరెంటు తినే మోటరు ఫ్యాన్లవి, ఒక్కోటి 30 వాట్లే, అదే బ్యాటరీ 10 గంటలు వస్తుంది. ఫ్రిజ్ మాత్రం దీనిమీద రోజంతా వద్దు, కంప్రెసర్ స్టార్ట్ అయ్యేటప్పుడు లాగే లోడుకి చిన్న ఇన్వర్టర్ ట్రిప్ అయిపోద్ది.

గాజువాక వాసి:
పెద్దవాళ్లే ఉండే ఇంటికి నేనైతే లిథియమే అంటాను బ్రో, డిస్టిల్డ్ వాటర్ చూసి పోసేదెవరు? 100 ఏహెచ్ దాంట్లో 80, 90 శాతం వాడుకోవచ్చు కాబట్టి వచ్చే టైము ఇంచుమించు ఆ 150 ట్యూబులర్ అంతే, ఛార్జింగ్ కూడా తొందరగా అయిపోద్ది. కానీ ఇన్వర్టర్‌లో లిథియం మోడ్ ఉందో లేదో చూసే కొను, లేనిదానికి తగిలించొద్దు.

సోలార్ మావయ్య:
ఏ బ్యాటరీ అయినా మొదటి రోజుకే బాబూ, రెండో రోజు నింపేదెవరు? 330 వాట్ల ప్యానెల్ ఒకటి, ప్యానెల్ నుంచి బ్యాటరీకి ఛార్జింగ్ చూసుకునే ఎంపీపీటీ కంట్రోలర్ పెట్టు, ఎండ బాగా కాస్తే రోజుకి యూనిట్ పైనే వస్తుంది. ఇంటి పైకప్పు సోలార్‌కి కేంద్రం పథకం పీఎం సూర్యఘర్‌లో 3 కిలోవాట్లకి 78,000 సబ్సిడీ ఉంది కదా అని బ్యాటరీ లేకుండా కరెంటు లైనుకే కలిపే మామూలు ఆన్‌గ్రిడ్ పెట్టించేస్తారు చాలామంది, అది కరెంటు పోగానే ఆగిపోద్ది, లైన్ మీద పనిచేసేవాళ్లకి షాక్ కొట్టకుండా అలాగే చేస్తారు. నీకు కావాల్సింది బ్యాటరీతో నడిచేది. తుఫాను హెచ్చరిక రాగానే ప్యానెల్ బోల్టులు విప్పి ఇంట్లో పెట్టించు, అందుకే ఒక్కటే చాలంటున్నా. బ్యాటరీ కూడా నేలమీద కాదు, నీళ్లు అందనంత ఎత్తు దిమ్మ మీద.

ఉద్దానం కుర్రోడు:
థాంక్స్ మావయ్యా, ఆన్‌గ్రిడ్ సంగతి షాపాయన చెప్పనేలేదు. మరి ఇన్సులిన్?

వైరింగ్ అన్న:
ఫ్రిజ్ తలుపు తీయకపోతే 4 గంటలదాకా చల్లదనం ఉంటుంది. ఎండ ఉన్నప్పుడు ప్యానెల్ మీద గంటా రెండు గంటలు నడిపించండి, దానికి లైను కరెంటులాగే సాఫీగా ఇచ్చే సైన్‌వేవ్ ఇన్వర్టర్, కాస్త పెద్దదే తీసుకో. వాడుతున్న ఇన్సులిన్ పెన్ను బయట ఎన్నిరోజులు ఉండొచ్చో డాక్టర్‌ని ఇప్పుడే అడిగి పెట్టుకో, ఫ్రీజర్‌లో మాత్రం పెట్టనివ్వకు, గడ్డకడితే ఇక పనికిరాదు.