అత్తయ్య పనంతా నా మీదే పడింది, మిగతావాళ్లకు ఎలా చెప్పాలి?

ప్రశ్న (తెనాలి):
మా అత్తయ్యకు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది, మంచం దిగలేరు. మా ఆయన పొద్దున వెళ్తే రాత్రికే వస్తారు. స్నానం, డైపర్లు, మందులు, రాత్రిళ్లు లేచి పక్కకి తిప్పడం అన్నీ నేనే. ఆవిడంటే నాకు ప్రేమే, పాపం ఒక్క మాట కూడా అనరు. బాధంతా ఆడపడుచుతో, బావగారితో. రోజూ సాయంత్రం వీడియో కాల్ చేసి "అమ్మ చిక్కిపోయింది, జావ పట్టట్లేదా" అంటారు, వచ్చి నాలుగు రోజులు ఉండమంటే పిల్లల పరీక్షలంటారు. పుట్టింటికి వెళ్లి ఎంత కాలమైందో. గట్టిగా అంటే కోడలు చూడట్లేదని బంధువులంతా అంటారేమోనని టెన్షన్.

జవాబు 1:
మీరు కాదు, మీ ఆయన మాట్లాడాలి. వాళ్లమ్మ, వాళ్ల తోబుట్టువులు. "కాస్త సాయం చేయండి" అంటే ఎవరూ కదలరు. "ప్రతి నెలా రెండో శని, ఆదివారాలు అక్క వచ్చి ఉండాలి, రాత్రి మనిషిని పెడుతున్నాం, జీతంలో సగం అన్నయ్య పంపాలి" అని తేదీ, డబ్బు తేల్చి చెప్పమనండి. ఆ రెండు రోజులూ మీరు ఇంట్లో ఉండొద్దు, ఉంటే పనంతా మళ్లీ మీ చేతికే వస్తుంది. వీడియో కాల్స్ కూడా ఆపించేయండి.

జవాబు 2:
కాల్ ఆపొద్దండీ, కూతురి మొహం చూడటం ఆ పెద్దావిడకు ఎంతో సంతోషం. ఫోన్ స్టాండ్‌కి పెట్టి మీరు బయటికి వెళ్లిపోండి, ఆ అరగంట మీది. ఇంకోటి, తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టంలో పిల్లలంటే కొడుకులు, కూతుళ్లు, మనవలు, మనవరాళ్లు. కోడలి మాటే లేదు. కేసు వేయమని కాదు, ఆడపడుచుకీ బాధ్యత ఉందని తెలియాలి కదా. పెద్దల హెల్ప్‌లైన్ 14567కి ఫోన్ చేసి సలహా అడగొచ్చు, ఉచితం.

జవాబు 3 (స్టాఫ్ నర్సుని):
రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం మాత్రం మానకూడదు, పుండ్లు పడతాయి. అందుకే ఇంకొకరికి నేర్పాలి. ఆడపడుచు వచ్చినప్పుడు మీరు చేయకుండా పక్కన నిలబడి ఆవిడతోనే చేయించండి. చంకల్లో చేతులు పెట్టి లాగనివ్వొద్దు, పడిపోయిన వైపు భుజం జారుతుంది. నడుము కింద మడత దుప్పటి వేసి, చెరో వైపు పట్టుకుని జరపాలి. మీ నడుము కూడా ముఖ్యమేనమ్మా.

ప్రశ్న అడిగినవారు:
స్టాండ్ ఇవాళే తెప్పిస్తాను. ఆదివారం మా ఆయన బావగారితో మాట్లాడతానన్నారు. తెనాలి దగ్గర్లో రాత్రిళ్లు ఉండే మనిషి కావాలంటే ఎవరిని అడగాలి?