జూన్‌లో పెరూ ట్రిప్: కెవే జిల్లాలో గడ్డి వంతెన చూసినవాళ్ళు ఉన్నారా?

డాలస్_రవి:
జూన్‌లో కుస్కో వెళ్తున్నాం. మాచు పిచ్చు ఎలాగూ చూస్తాం, దాంతోపాటు కెవేలో ఏటా గడ్డితో కట్టే కేస్వాచాకా వంతెన కూడా చూడాలని ఉంది. పక్కనే ఇనుప వంతెన ఉండగా ఇదెందుకు, టూరిస్టుల కోసమేనా? అక్కడివాళ్ళు ఏం చేసుకుని బతుకుతారు? స్పానిష్ వస్తే చాలా?

కొండదారి:
టూరిస్టుల కోసమే అనేయడం అన్యాయం రవి గారూ. అపూరిమాక్ లోయ చుట్టుపక్కల నాలుగు ఊళ్ళవాళ్ళు కలిసి కడతారు. ప్రతి ఇంటివాళ్ళూ కోయా అనే గడ్డి కోసి, నానబెట్టి, రాళ్ళతో దంచి, సన్నతాడు పేని తేవాలి, అది ఆ ఇంటి వంతు, ఎగ్గొడితే ఊళ్ళో మాట పడాల్సిందే. ఆ తాళ్ళని మెలేసి, మళ్ళీ జడలా అల్లితే తొడంత లావు మోకులవుతాయి, వాటి మీదే సుమారు 30 మీటర్ల వంతెన నిలబడుతుంది. పాతదాన్ని కోసి నదిలోకి వదిలేస్తారు. మూడు రోజులు పని, నాలుగో రోజు పండగ. సన్నతాళ్ళు పేనేది ఆడవాళ్ళే అయినా కట్టేటప్పుడు వాళ్ళని వంతెన దగ్గరికి రానివ్వరు, నాకైతే అది నచ్చలేదు. 2013లో యునెస్కో గుర్తింపు వచ్చింది. కరోనా వల్ల 2020లో కట్టలేదు, 2021 మార్చిలో తెగి పడిపోయింది, జూన్‌లో మళ్ళీ కట్టుకున్నారు.

లిమా_నుంచి:
కెవే దాదాపు 3,700 మీటర్ల ఎత్తులో ఉంటుంది. చెట్లు తక్కువ, ఎటు చూసినా ఇచు గడ్డే. బంగాళదుంప, బార్లీ, గొర్రెలు, అల్పాకాలు (ఉన్ని కోసం పెంచే ఒంటె జాతి జంతువులు), ఇవే బతుకు. మనకి జూన్ అంటే తొలకరి, వాళ్ళకి మంచు పట్టే ఎండుకాలం, రాత్రి దుంపలు ఆరుబయట పరిచి గడ్డకట్టించి, పగలు కాళ్ళతో తొక్కి నీరు పిండి ఎండబెడతారు. అదే చూన్యో, ఏళ్ళ తరబడి నిలవుంటుంది. ఇంట్లో మాట్లాడేది కెచువా, కుర్రాళ్ళకి స్పానిష్ బాగానే వస్తుంది, ముసలివాళ్ళతో మాత్రం ఎవరైనా తోడుంటేనే పని జరుగుతుంది.

డాలస్_రవి:
థాంక్సండీ ఇద్దరికీ. పిల్లలు కూడా ఉన్నారు, ఎత్తు గురించే టెన్షన్.

లిమా_నుంచి:
లిమా నుంచి దిగీ దిగగానే కెవే వెళ్ళకండి, ముందు కుస్కోలో రెండు మూడు రోజులు ఉండండి. పిల్లల సంగతి డాక్టర్‌ని అడిగే బయల్దేరండి. అక్కడ ఎత్తుకి తట్టుకోడానికి కోకా టీ (కొకైన్ తీసే మొక్క ఆకులతో కాచేది) ఇస్తారు, తాగితే తాగండి గానీ ఆ ప్యాకెట్లు మాత్రం డాలస్ తీసుకెళ్ళొద్దు, అమెరికాలోకి తేవడం నేరం. దారి కొంబపాత, యానవోకా మీదుగా. వీలుంటే తుంగసూకా దగ్గర కూడా ఆగండి, 1780లో స్పెయిన్ మీద తిరగబడిన రెండో తుపాక్ అమారు ఊరు అదే.