హార్న్ స్పీకర్లో కర్కశత్వం: తప్పు హార్న్ గోడలదా, ట్యూనింగ్‌దా?

తరంగం: నా స్పీకర్లలో 15 అంగుళాల వూఫర్ (కిందిస్థాయి శబ్దాలిచ్చే స్పీకర్) మీద పోత అల్యూమినియం హార్న్ (బూరలా విచ్చుకున్న గొట్టం), దాని వెనుక టైటానియం డయాఫ్రమ్ (కంపించే పలుచని పొర) ఉన్న కంప్రెషన్ డ్రైవర్ (హార్న్‌లోకి శబ్దాన్ని పంపే యూనిట్) ఉన్నాయి. గాయని ‘స’ పలికినప్పుడు, వయొలిన్ పైస్థాయికి వెళ్లినప్పుడు శబ్దం చెవిలో గుచ్చుకుంటోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

లోహనాదం: హార్న్‌ను వేలితో కొట్టి చూడండి, గంటలా మోగుతుంది. ఆల్టెక్ 511బి వంటి పాత లోహపు హార్న్‌లకు ఈ మోత ఉందన్న సంగతి వాటిని వాడినవారందరికీ తెలుసు. వెలుపలి గోడలకు బిటుమెన్ (తారు) షీటు దట్టంగా అంటించండి. మిగతావన్నీ ఆ తరువాతి మాట.

సమతూకం: వేలితో కొడితే మోగేది గోడ, పాట వింటున్నప్పుడు మనకు చేరేది లోపలి గాలిలో నడిచిన తరంగం. రెండూ ఒకటే అనుకోవడానికి ఆధారం కావాలి. కంప్రెషన్ డ్రైవర్ హార్న్‌తో కలిసి ఒక వాట్‌కు, ఒక మీటరు దూరంలో సుమారు 107 డెసిబెల్స్ ఇస్తుంది, వూఫర్ 95 దాటడమే కష్టం. ఆ 12 డెసిబెల్స్ తేడాను ఎల్-ప్యాడ్‌తో (శబ్దాన్ని తగ్గించే రెండు రెసిస్టర్ల అమరికతో) తగ్గించకుండా షీట్లు అంటించి లాభం లేదు.

పాతకాపు: స్పీకర్లను కాస్త పక్కకు తిప్పి విన్నారా?

లోహనాదం: ఎల్-ప్యాడ్ అన్ని ఫ్రీక్వెన్సీలనూ సమానంగా తగ్గిస్తుంది. కాన్‌స్టంట్ డైరెక్టివిటీ హార్న్‌లో (అన్ని ఫ్రీక్వెన్సీలనూ ఒకే వెడల్పున వెదజల్లే రకంలో) పైస్థాయి ముందే పడిపోయి ఉంటుంది కనుక, దాన్ని మరింత తగ్గిస్తే కంచు తాళాల గలగల చచ్చిపోతుంది. గోడ మోత మాత్రం మిగిలే ఉంటుంది.

సమతూకం: అందుకే సిరీస్ రెసిస్టర్‌కు సమాంతరంగా చిన్న కెపాసిటర్ పెడతారు, మధ్యస్థాయి తగ్గుతుంది, పైస్థాయి నిలుస్తుంది. మిగిలిన శిఖరాలను డీఎస్పీలో (శబ్దాన్ని అంకెల్లో సవరించే డిజిటల్ ప్రాసెసర్‌లో) నాచ్‌తో, అంటే ఒక్క ఫ్రీక్వెన్సీ చుట్టూనే తగ్గించే ఫిల్టర్‌తో, కోసెయ్యవచ్చు. గోడ సంగతి మళ్లీ ఎందుకు?

లోహనాదం: ఎందుకంటే మీ డీఎస్పీ నాకు తగిలిన దెబ్బ. ట్యూనింగ్‌లో నిపుణుడినని చెప్పుకున్న ఒకాయన నా కుర్చీ దగ్గర మైక్ పెట్టి, తెర మీద గీతను చదును చేసి, డబ్బు తీసుకుని వెళ్లిపోయారు. కుర్చీలో వింటే బాగుంది. పక్కనున్న సోఫాలో మా ఇంటావిడకు మాత్రం మునుపటికంటే ఘోరంగా ఉంది. కొలతలు చూపించి ఆమె చెవులదే తప్పంటారా?

సమతూకం: అలా నేను అనలేదు. మైక్‌ను ఒక్కచోటే పెట్టడం ఆయన అశ్రద్ధ, దానికి పనిముట్టును నిందించకండి. అయినా నేను వినేది ఒంటరిగా, ఒకే కుర్చీలో. నాకు అక్కడ బాగుంటే చాలు.

లోహనాదం: ఈ మాట మొదటే చెప్పి ఉంటే ఇంత వాదన ఎందుకండీ? మా ఇంట్లో నలుగురు నాలుగు మూలల కూర్చుని వింటారు.

నిశ్శబ్దం: అలాగైతే మీరిద్దరూ వదిలేసింది హార్న్ నోటి (విచ్చుకున్న చివర) దగ్గరి పరావర్తనం. అంచు వంపు లేకుండా ఒక్కసారిగా తెగిపోతే తరంగంలో కొంత భాగం గొంతులోకి (డ్రైవర్ వైపు సన్నని చివరకు) తిరిగి వెళ్లి మళ్లీ బయటికి వస్తుంది. హార్న్ లోతు 20 సెంటీమీటర్లయితే రాకపోకలకు 40 సెంటీమీటర్లు. రెస్పాన్స్ గీతలో (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత గట్టిగా వస్తుందో చూపే గీతలో) సుమారు 860 హెర్ట్జ్‌లకు ఒకటి చొప్పున అలలు కనిపిస్తాయి. అంచు దగ్గరి డిఫ్రాక్షన్ (తరంగం అంచు చుట్టూ వంగి చెదరడం) వల్ల పుట్టే ఎగుడుదిగుళ్లు వినే కోణంతో పాటు జరుగుతాయి కాబట్టి, కుర్చీ దగ్గర దిద్దినది సోఫా దగ్గర చెడుతుంది. స్పీకర్ల రూపకర్త ఎర్ల్ గెడ్డెస్ తన వేవ్‌గైడ్‌లలో (ఒక రకం హార్న్‌లలో) రంధ్రాల ఫోమ్ నింపడంలో కిటుకు ఇదే: నేరుగా వచ్చే శబ్దం ఫోమ్‌ను ఒక్కసారే దాటుతుంది, నోటి దగ్గర నుంచి వెనక్కి వెళ్లి వచ్చేది మూడుసార్లు దాటి బలహీనపడుతుంది. పైస్థాయిలో కొంత నష్టపోతాం, దాన్ని ఈక్వలైజర్‌తో పూడ్చుకోవచ్చు.

తరంగం గారూ, 0, 15, 30 డిగ్రీల కోణాల్లో కొలవండి. శిఖరం అన్నిటిలోనూ ఒకే ఫ్రీక్వెన్సీ దగ్గర ఉంటే నాచ్ పెట్టండి. కోణంతో పాటు జరిగితే ఫోమ్ పెట్టి, అంచుకు వంపు తిప్పండి.

తరంగం: 3 కిలోహెర్ట్జ్ దగ్గరి శిఖరం మూడు కోణాల్లోనూ కదలలేదు. దాని పైన ఉన్న ఎగుడుదిగుళ్లు మాత్రం కోణానికో తీరుగా ఉన్నాయి.

సమతూకం: అయితే ఆ శిఖరానికి నాచ్ చాలు.

లోహనాదం: షీటు అంటించక ముందు ఒకసారి, అంటించాక ఒకసారి కొలిచి ఇక్కడ పెట్టండి. అప్పటిదాకా నా మాట వెనక్కి తీసుకోను.